ఎడమచేత్తో అందుకున్న రొట్టె

ఊరంతా చూస్తుండగా సాతిబాల్దీ రొట్టెను ఎడమచేత్తో అందుకున్నాడు. దూరప్రయాణం పోయేవాడు రొట్టెను ఒక కాటు కొరకాలి. మిగిలింది వాడు తిరిగొచ్చేదాకా ఇంట్లో మేకుకు వేలాడుతుంది. రొట్టెకు ఎడమచెయ్యి చాపకూడదని ఆ వయసువాడికి తెలియక కాదు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. చలికాలం నుంచీ దాని వేళ్ళు ఉన్నట్టుండి మొద్దుబారుతున్నాయి. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదు.

"ముసలాడికి అప్పుడే ఓష్ పట్నం షోకులు అంటుకున్నాయర్రా!" అన్నాడు పక్కింటి తోక్తోసున్. జనం నవ్వారు. సాతిబాల్దీ భార్య ఊల్కాన్ మాత్రం నవ్వలేదు.

నెలలు నిండకుండా పుట్టిన తోక్తోసున్ మనవడు మొన్నటి మంచులో, నరీన్ ఆస్పత్రికి పోయే దారిలోనే చల్లబడిపోయాడు. అలాంటి పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టె ఒకటి తమ ఊరి ఆస్పత్రికి తేవాలని సాతిబాల్దీ పంతం. దాని ఖర్చుకు దారి పొడుగునా కాపరులు తలా ఒక గొర్రె ఇస్తామన్నారు. "నీ పాత ఉరాల్ మోటారుసైకిల్ నువ్వే నడుపుకుంటూ ఓష్ చేరు, అప్పుడు" అని మెలిక పెట్టారు. మీసం మొలవకముందే బండెక్కినవాడు. ఓ, దానికేం అన్నాడు.

బండి కదలబోతుంటే ఊల్కాన్, అతను కొరికిన రొట్టెను తోక్తోసున్ భార్య చేతిలో పెట్టి, పక్కతొట్టిలో ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే?"

"ఓష్ బజారు చూడొద్దూ? పోనియ్."

కనుమ ఎక్కేదాకా ఏ గొడవా లేదు. దిగుడే భయం. అంతా గులకరాళ్ళ దారి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. సాతిబాల్దీ వేళ్ళు మాటిమాటికీ మూసి తెరుస్తున్నాడు. ఉన్నాయి. ఇంకా ఉన్నాయి. ఎదురుగా గొర్రెల లారీ ఒకటి మలుపు తిరిగింది. కుడిచేతి బ్రేకు నొక్కబోయాడు. వేళ్ళు ఎవరివో అయిపోయాయి. కాలి బ్రేకు తొక్కితే వెనక చక్రం జారింది. తొట్టి అంచుకేసి ఊగింది. హ్యాండిల్ కొండవైపు విరిచేశాడు. బండి కంకరకుప్పలో దిగబడి ఆగింది. లారీవాడు ఏదో తిట్టుకుంటూ పోయాడు.

ఊల్కాన్ తలగుడ్డ సర్దుకుంది. "ఎప్పటినుంచి?"

"ఏది?"

"నాతోనా నాటకాలు? మతి పోయిందో చెయ్యి పోయిందో అనుకున్నా పొద్దున. మతి నీకు మొదటినుంచీ లేదు కదా."

"వెనక్కి పోదామా? తోక్తోసున్ మొహం ఎట్లా చూసేది?"

తొట్టి బండికి కుడిపక్కే. ఆమె లేచి వంగి బ్రేకు పిడి పట్టుకుని చూసింది. "ఇన్నేళ్ళూ గుర్రాలపాలు పిండిన చెయ్యిది. ఎప్పుడు పిండాలో చెప్పు, ఎప్పుడు వదలాలో చెప్పు."

"మరి నడిపింది నేనెట్లా అవుతా?"

"అది కింద చూసుకుందాం. ముందు కిందికి పోవాలిగా."

"పిండు," అన్నాడు. "వదులు. పిండు, పిండవే!" ఒక్కో మలుపూ అలాగే దిగారు.

కొండ కింద గుడారం ముందు కాపరి మామిర్ గుర్రపుపాల గిన్నెతో నిలబడి ఉన్నాడు. "నువ్వే నడుపుకొచ్చావా, అన్నా?"

సాతిబాల్దీ గిన్నె వైపు చూశాడు. కుడిచెయ్యి చాపితే ఒలికిపోతుంది. ఎడమచెయ్యే చాపాడు.

"ఈ చెయ్యి చచ్చింది, తమ్ముడూ. బ్రేకు మీ వదినది."

మామిర్ మొహం చిట్లించాడు. గొర్రె పోయినట్టే అనుకున్నాడు సాతిబాల్దీ. మామిర్ బండిచుట్టూ ఒకసారి తిరిగి, తొట్టిలోకి చూసి, ఊల్కాన్ చేతులు చూశాడు.

"ఇద్దరూ చేరాలి అయితే. ఒక్కరు చేరితే ఇవ్వను," అన్నాడు. "ముందున్న కల్దమా కనుమ దిగుడు దీనికి తాత, తెలుసుగా?"

తెలుసు. ఊల్కాన్ అప్పటికే పిడి పట్టుకుని కూర్చుంది.