ఒపల్ నడుముకు తగిన ఒర

ఒపల్ ట్రెడ్‌వే ఇరవై ఏడేళ్లుగా పియానోలకు శ్రుతి చేస్తోంది. ఆర్కన్సా కొండల్లో ఆమె వ్యాను తిరగని మట్టిరోడ్డు లేదు. తీగ వెంట్రుకవాసి సడలినా పక్కగదిలో నుంచే పట్టేస్తుంది. అలాంటి మనిషి యాభై ఎనిమిదో ఏట ఒక్క విషయం తేల్చుకోలేక నెలన్నర పాటు తికమకపడింది. పిస్టల్ ఒంటిమీద ఎక్కడ పెట్టుకోవాలి, ఏ ఒరలో పెట్టుకోవాలి?

అక్టోబరులో ఒక మధ్యాహ్నం వాగు దాటే చోట ఎవడో ఆమె వ్యానుకు అడ్డం నిలబడ్డాడు. బానెట్ మీద పిడికిలితో గుద్దాడు. తలుపు పట్టుకుని లాగుతూ "డోనా, దిగవే" అని అరిచాడు. తాను డోనా కాదని ఒపల్ చెప్పినా వాడికి వినబడలేదు. ఆమె అరమైలు దూరం వెనక్కే నడుపుకుంటూ వచ్చి బయటపడింది. పోలీసులు వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. ఆ తర్వాత తీగలు బిగించేటప్పుడు ఆమె చెయ్యి వణకడం మొదలైంది.

అది చూసి వాళ్ల అక్క నెల్డా మొగుడు రాయిస్ ఒక చిన్న పిస్టల్ తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. కాల్చడం ఒపల్‌కు కొత్త కాదు, చిన్నప్పుడు నాన్నతో ఉడతల వేటకు వెళ్లినదే. కాని తుపాకీని బట్టల కింద దాచుకుని పదిమంది ఇళ్లకు వెళ్లడం ఎప్పుడూ చేయలేదు.

"దీనికో ఒర కొనాలి మరదలా, పద," అన్నాడు రాయిస్.

ఎరలూ, వలలూ, తుపాకులూ అమ్మే యోకమ్ దుకాణంలో ఒక గోడ నిండా ఒరలే. తోలువి, గుడ్డవి, ప్లాస్టిక్‌వి, నడుముకు చుట్టుకునేవి, చంకలో వేలాడేవి, చీలమండకు కట్టుకునేవి. ఒపల్ వాటి ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"ఎక్కడ పెట్టుకుంటావమ్మా?" అని అడిగాడు యోకమ్.

"నాకేం తెలుసు? ఎక్కడ పెట్టుకోవాలి?"

"అది నీ ఇష్టం."

"నా ఇష్టమైతే ఇంట్లోనే పెట్టుకుంటాను."

రాయిస్ కల్పించుకున్నాడు. "వెనకాల, సరిగ్గా వెన్నుపూస మీద. నేను ఇరవయ్యేళ్లుగా అట్లాగే పెట్టుకుంటున్నా."

"వెల్లకిలా పడితే నీ వెన్ను విరుగుతుంది రాయిస్. ముందు, బొడ్డు పక్కన పెట్టుకోవాలి," అన్నాడు యోకమ్.

"నీ పొట్టకు బొడ్డు పక్కన చోటెక్కడుందయ్యా?"

"నా పొట్ట సంగతి నీకెందుకు? ఆవిడ పొట్ట గురించి కదా మాట్లాడుతున్నాం."

"నా పొట్ట సంగతి ఎవరూ మాట్లాడక్కర్లేదు," అంది ఒపల్.

చివరికి రాయిస్ చెప్పిందే కొంది. మెత్తటి నల్ల గుడ్డ ఒర, ప్యాంటు లోపలికి దోపుకుని క్లిప్పు తగిలించుకోవాలి. చేతికి దూదిలా తగిలింది. ఇంత మెత్తగా ఉంటే ఒరుసుకోదులే అనుకుంది.

మర్నాడే పైన్ హాలో చర్చిలో పని. పియానో ముందు కూర్చున్న పది నిమిషాలకే వెన్నులో మేకు దిగినట్టయింది. ముందుకు వంగితే ఒర పైకి లేస్తుంది, నిటారుగా కూర్చుంటే గుచ్చుకుంటుంది. పెడల్ చూడటానికి నేల మీద వెల్లకిలా పడుకునేసరికి ప్రాణం పోయినంత పనై కెవ్వుమంది. పాస్టర్ భార్య మిసెస్ లెడ్‌బెటర్ పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో తల్లీ, ఏమైంది? నడుమా? ఆ చొక్కా కింద కట్టుకున్నది నడుము పట్టీయేనా?"

ఒపల్ చొక్కా కిందికి లాక్కుంది. "ఆ... పట్టీలాంటిదే," అంది.

"చెప్పవేం మరి!" అంటూ ఆవిడ ఒపల్ భుజం మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని, ఆ వెన్నుపూసను బాగుచెయ్యమని దేవుణ్ణి చాలాసేపు వేడుకుంది. పోతూ పోతూ వేడినీళ్ల సంచి ఒకటి, పీచ్ పండ్ల మురబ్బా ఒక సీసా చేతిలో పెట్టింది. చర్చిలో అబద్ధమాడి మురబ్బా పుచ్చుకున్నందుకు ఒపల్ దారి పొడవునా సిగ్గుపడింది. అడక్కుండా వాళ్ల చర్చిలోకి తుపాకీ తీసుకెళ్లినందుకు ఇంకా సిగ్గుపడింది.

తర్వాత చీలమండ ఒర కొంది. పియానో పెడల్ తొక్కేది కుడికాలు కాబట్టి ఎడమకాలికి కట్టుకుంది. మధ్యాహ్నానికల్లా కుంటడం మొదలైంది. పైగా ఆ ఒర నుంచి తుపాకీ తీయాలంటే దండం పెడుతున్నట్టు మోకాలి మీద కూలబడాలి. వాగు దగ్గర నిలబడ్డవాడు అంతసేపు ఆగుతాడా? ఆ తర్వాత పొట్టచుట్టూ కట్టుకునే సాగే పట్టీ కొంది. రోజంతా చెమట, దురద. కూర్చున్నప్పుడల్లా పిస్టల్ పక్కటెముకల కిందికి జారేది.

పోయిన డబ్బు కన్నా ఆమెను ఎక్కువగా తినేసింది ఆ గందరగోళం. ఒకరు బిగుతుగా ఉండాలంటారు, ఒకరు వదులుగా ఉండాలంటారు. తోలు మంచిదని ఒకరు, తోలు మెత్తబడితే ప్రమాదమని ఒకరు. తేలిగ్గా బయటికి రావాలి, కాని దానంతట అది రాకూడదు. దగ్గరగా ఉండాలి, కాని తగలకూడదు. ఏది చూసినా రెండు వైపులా నిజమే అనిపించేది.

చివరికి నెల్డా సలహా విని చేతిసంచిలో వేసుకుంది. "ఆడదానికి చేతిసంచి ఉండగా నడుముకు తిప్పలెందుకే?" అంది అక్క. నిజమే కదా అనిపించింది.

ఆ వారం యూలా ప్రూయిట్ ఇంట్లో పని. యూలమ్మకు తొంభై ఒక్కేళ్లు, చూపు సరిగా ఆనదు. ఒపల్ సంచిలో ఎప్పుడూ పుదీనా బిళ్లలుంటాయి. ఒపల్ పని చేసుకుంటుంటే ఆవిడే సంచి తెరిచి ఒకటి తీసుకోవడం ఇద్దరికీ ఏళ్ల తరబడి అలవాటు. ఆ రోజు ఒపల్ తల పియానో లోపల ఉంది. పై సప్తకంలో ఒక తీగ మొండికేస్తోంది. వెనక నుంచి సంచి జిప్పు తీసిన చప్పుడైంది. ఆ చప్పుడు ఏమిటో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది.

"ఏమిటే తల్లీ ఇది, ఇంత బరువుగా ఉంది? శ్రుతి చేసే కొత్త సుత్తా?"

ఒపల్ ఎలా లేచిందో, గది ఎలా దాటిందో ఆమెకే తెలియదు. పియానో మూతకు నుదురు కొట్టుకుంది. యూలమ్మ చెయ్యి మణికట్టు దాకా సంచిలో ఉంది. ఒపల్ రెండు చేతులతో ఆ మణికట్టు పట్టుకుని కదలకుండా ఆపింది.

"వదలండి యూలమ్మా. మెల్లగా. వేళ్లు చాపండి... అన్నీ చాపండి."

"నా చెయ్యి నొక్కేస్తున్నావే!"

"తెలుసు. చాపండి."

చెయ్యి బయటికి వచ్చింది. ఒపల్ సంచి తీసుకెళ్లి వ్యానులో పెట్టి తాళం వేసింది. తిరిగొచ్చి ఆవిడ పక్కన కూలబడి, సంచిలో ఉన్నదేమిటో దాచకుండా చెప్పేసింది.

"మా ఆయన దిండు కింద పెట్టుకునేవాడు," అంది యూలమ్మ. "దుప్పట్లు మార్చాలంటే హడలిపోయేదాన్ని. నువ్వు కూడానా?"

ఆ మాట ఒపల్‌కు నుదుటి దెబ్బ కన్నా గట్టిగా తగిలింది. పుదీనా బిళ్ల ఇవ్వడం కూడా మరిచిపోయింది.

లవెర్న్ స్టోక్స్ ముప్పయ్యేళ్లు షెరీఫ్ దగ్గర డిప్యూటీగా చేసి రిటైరైన మనిషి. ఇంటి వెనక రేకుల షెడ్డులో తుపాకీ వాడకం నేర్పుతుంది. ఒపల్ ఒరలన్నీ కిరాణా సంచిలో వేసుకుని అక్కడికి వెళ్లి బల్ల మీద గుమ్మరించింది.

"ఇన్ని ఎందుకమ్మా? నీకు నడుములెన్ని?" అంది లవెర్న్.

"ఒక్కటే. అదీ పాడైపోయింది. ఇందులో ఏది మంచిదో చెప్పండి, మిగతావి పారేస్తాను."

లవెర్న్ పిస్టల్‌లో తూటాలు తీసింది. గొట్టం వెనక భాగం తెరిచి వేలు పెట్టి చూసింది, ఒపల్ చేత కూడా చూపించింది. తర్వాత రాయిస్ ఎంచిన మెత్తటి ఒరలో దాన్ని దోపి, ఖాళీ గోడవైపు పట్టుకుని, బయటి నుంచి గుడ్డ మీద బొటనవేలితో నొక్కింది.

టక్.

ఒపల్ చెవి తీగల మధ్య ఎంత చిన్న తేడా అయినా పట్టేస్తుంది. అది ట్రిగ్గర్ పడిన చప్పుడని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"మళ్లీ చెయ్యండి," అంది.

టక్.

"తుపాకీ తీశాక దీని నోరు ముడుచుకుపోతుంది చూడు," అంది లవెర్న్. "మళ్లీ దోపేటప్పుడు ఈ అంచు లోపలికి మడతపడి ట్రిగ్గర్ మీదికి వస్తుంది. నువ్వు నొక్కక్కర్లేదు, గుడ్డే నొక్కుతుంది. ఇది పెట్టుకుని ఎన్నాళ్లు తిరిగావు?"

"తొమ్మిది రోజులు. నేల మీద పడుకున్నాను కూడా."

షెడ్డు బయటికి వెళ్లి కాసేపు గాలి పీల్చుకుని వచ్చింది.

ఆ సాయంత్రం నెల్డాకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"మీ బావ నీతో చెప్పొద్దన్నాడే," అంది నెల్డా. "ట్రక్కు సీటు మీద గుర్రపు కంబళి కప్పి ఉంటుంది చూశావా? దాని కింద కన్నం ఉంది. పోయిన వేసవిలో ఆయన సీట్లో కూర్చుంటుంటే నడుముకున్న పిస్టల్ పేలింది. గుండు బెత్తెడు ఇటు వచ్చి ఉంటే నాకు మొగుడు మిగిలేవాడు కాదు."

"అది తెలిసీ నాకు ఈ మెత్తటి ఒర కొనిపించాడా? అక్కా!"

"తప్పు తనదే అనుకుంటున్నాడు, ఒరది కాదనుకుంటున్నాడు. సిగ్గు. ఇరవయ్యేళ్లుగా మొనగాణ్ణని చెప్పుకుని తిరిగాడు కదా."

ఒపల్‌కు కోపం రావాలి. వచ్చింది కూడా. కాని దాని వెనకే, ఆ పెద్ద మనిషి కంబళి సర్దుకుంటూ కూర్చోవడం కళ్లకు కట్టింది. ఫోన్ బావకు ఇమ్మంది.

"శనివారం లవెర్న్ దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ వస్తున్నావు," అంది.

"నాకెందుకు మరదలా—"

"నీ ఒర తెచ్చుకో బావా."

శనివారం ఇద్దరూ వెళ్లారు. రాయిస్ తోలు ఒర పాత చెప్పులా వంగిపోయి ఉంది. లవెర్న్ దాన్ని నొక్కి చూపించినప్పుడు అతను టోపీ తీసి చేతిలో పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

"కన్నం సంగతి నాకు తెలుసు," అంది ఒపల్ మెల్లగా.

"నెల్డా నోరు..." అని ఆగిపోయాడు. "నీకు ముందే చెప్పాల్సింది."

"అవును, చెప్పాల్సింది."

లవెర్న్ ఇద్దరికీ గట్టి ప్లాస్టిక్ ఒరలు చూపించింది. వాళ్ల వాళ్ల పిస్టళ్ల అచ్చుకే పోసినట్టున్నాయి, ట్రిగ్గర్ చుట్టూ పూర్తిగా మూసుకుని ఉన్నాయి. తిరగేసి కుదిపినా తుపాకీ కదల్లేదు. బొటనవేలు ఎంత నొక్కినా చప్పుడు లేదు. పిస్టల్ తీసేసినా నోరు తెరుచుకునే ఉంది.

"గుచ్చుకోదా మరి?" అంది ఒపల్.

"గుచ్చుకుంటుంది, ఆ సాగే ప్యాంటు వేసుకుంటే. ముందు గట్టి బెల్టు, దానికి తగ్గ ప్యాంటు కొనుక్కో."

"ఒర కోసం వస్తే ప్యాంటు కొనమంటారేమిటి?"

"బరువు మోసేది బెల్టమ్మా, ఒర కాదు. కుర్చీ లాక్కో. పియానో ముందు ఎట్లా కూర్చుంటావో అట్లా కూర్చో."

గంటన్నర సేపు ఒపల్ ఖాళీ పిస్టల్‌తో ఆ షెడ్డులో కూర్చుంది, వంగింది, నేల మీద పడుకుంది, లేచింది. వెన్ను మీద కుదరలేదు, పొట్ట ముందు కుదరలేదు. కుడి తుంటి ఎముక దాటాక వెనక్కి రెండు వేళ్ల దూరంలో ఒక చోటు దొరికింది. పిడి కాస్త ముందుకు వాల్చితే పక్కటెముకకు తగలడం మానేసింది. రాయిస్ నడుముకు ఇంకో చోటు కుదిరింది. ఇద్దరి చోట్లూ ఒకటి కాకపోవడం చూసి అతను అబ్బురపడ్డాడు.

డిసెంబరు రెండో వారంలో రస్సెల్ దంపతుల పెద్ద పియానోకు ఒపల్ ఆరు గంటలు శ్రుతి చేసింది. గుమ్మంలోనే తన దగ్గర తుపాకీ ఉందని చెప్పి, అభ్యంతరమైతే వ్యానులో పెట్టి తాళం వేస్తానంది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ అదే మాట. చర్చిలలోనైతే అడగకుండానే వ్యానులో తాళం వేస్తోంది. రస్సెల్ దంపతులు ఫరవాలేదన్నారు. పని ముగించి సుత్తీ, మిగతా పనిముట్లూ సర్దుకుంటూ ఆమె ఠక్కున ఆగిపోయింది. ఆరు గంటల్లో ఒక్కసారి కూడా నడుము సంగతి గుర్తు రాలేదు. చెయ్యీ వణకలేదు.

వ్యానెక్కి లవెర్న్‌కు ఫోన్ చేసింది. "ఒర ఉందన్న సంగతే మరిచిపోయాను. ఇది మంచిదా చెడ్డదా?"

"నొప్పి మరిచిపోవచ్చు. తుపాకీ మరిచిపోకూడదు."

"రెండూ ఒకే చోట ఉంటే ఎట్లాగండీ?"

లవెర్న్ నవ్వింది. అది నేర్చుకోవడానికి తనకు ముప్పయ్యేళ్లు పట్టిందని, తొందరేం లేదని చెప్పింది. ఒపల్‌కు అర్థమైనట్టే ఉంది, కానట్టూ ఉంది. బెల్టు మీద చెయ్యి వేసి ఒర ఉందో లేదో చూసుకుంది, వ్యాను స్టార్టు చేసింది. తర్వాతి ఇల్లు యూలమ్మది. దారిలో ఆగి పుదీనా బిళ్లలు రెండు పొట్లాలు కొంది.