చాప మీద ఇటుకలు

తెల్లవారేసరికి దానమ్మ పంటకాలవలో మొలలోతు నీళ్లలో ఉండేది. తుంగ కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చి, ఒక్కో కాడనీ నిలువునా చీల్చి ఎండబెట్టేది. మధ్యాహ్నం గంజి తాగి మగ్గం ముందు కూర్చుంటే పొద్దు వాలేదాకా లేచేది కాదు. మొగుడు పోయినప్పట్నుంచీ ఇదే వరస. కొడుకు ప్రకాశరావు ఆ మగ్గం పక్కనే కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాడు, లెక్కలు చేసుకున్నాడు, చివరికి రాజోలు హైస్కూల్లో పెద్ద పరీక్ష పాసై, ఊరవతలి ఆ పేటలో కాలేజీ చదువుకి వెళ్లబోయే మొదటివాడయ్యాడు.

దానమ్మ చాపలకి ఒక గుణం ఉండేది. ఎవరి పేరు తలుచుకుని నేస్తే ఆ చాప వాళ్లది. వాళ్లని మనసారా ఒప్పుకున్న చోట, నేలకి తగలగానే దానంతటది విచ్చుకునేది. ఒప్పుకోని చోట చుట్టినది చుట్టినట్టే ఉండిపోయేది. బలవంతాన పరిస్తే, చెయ్యి తీయగానే మళ్లీ చుట్టుకుపోయేది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిన సంగతే ఇది. పిల్లనిచ్చే ముందు ఆ ఇంట్లో పిల్ల పేరున చాప వేసి చూసుకునేవారు. మలికిపురం కొబ్బరి వర్తకులైతే, పొత్తు కలిసే ముందు అవతలివాడి ఇంట్లో ఓ కునుకు తీస్తామని చాప పట్టుకెళ్లేవారు. చాపని ముట్టుకోవడానికి వాళ్లకి ఏ అభ్యంతరమూ ఉండేది కాదు. దానమ్మని ముట్టుకోవడానికే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చేస్తోందని అంతా చెప్పుకుంటున్న ఆ ఏడు జూన్‌లో ప్రకాశరావుకి అమలాపురం కాలేజీలో సీటు వచ్చింది. రోజూ వైనతేయ పాయ దాటి వెళ్లి రావడం అయ్యే పని కాదు కనక హాస్టలు చూసుకోవాలి. దానమ్మ కొడుకు పేరు తలుచుకుంటూ నేసిన చాప భుజాన వేసుకుని, అతను ట్రంకు పెట్టె పట్టుకుని, తల్లీ కొడుకులిద్దరూ పడవ ఎక్కారు.

అమలాపురంలో హాస్టళ్లకేం కరువు లేదు. రాజులకొకటి, వైశ్యులకొకటి, బ్రాహ్మలకొకటి, కాపులకొకటి, ఎవరికి వాళ్లు కట్టుకున్నారు. గుమ్మంలో కుర్రాడు నిలబడితే ముందు ఇంటిపేరు అడిగేవారు. మార్కులు అడిగినవాళ్లు లేరు. అంచేత ప్రకాశరావు చూడవలసినవి రెండే మిగిలాయి.

మొదటిది మిషను హాస్టలు. ఓ కురిడీ కొబ్బరికాయల కొట్టు పక్కన పాత పెంకుటిల్లు. చూరంతా నూనె వాసన. ఓ మూల వాన కారుతుంటే కింద బొక్కెన పెట్టారు. వంటావిడ పాపాయమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది.

"చోటెక్కడుందమ్మా అనుకోకండి. ఈ తలకాయిటూ ఆ తలకాయటూ జరిపితే పుడతాది. వెయ్యండి చాప," అంది.

దానమ్మ భుజం మీంచి దింపిందో లేదో, చాప గోడ దాకా విచ్చుకుంది. దానమ్మ మొహం వికసించింది. ప్రకాశరావు మాత్రం బొక్కెనలో పడుతున్న చినుకుల్ని చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లు చదివి, ఇన్ని మార్కులు తెచ్చుకుని, మళ్లీ తన పేటలోకే వచ్చిపడ్డట్టు అతని ప్రాణం ఉసూరుమంది.

"రెండోది కూడా చూసొద్దామమ్మా," అన్నాడు.

రెండోది సమతా నిలయం. కృష్ణమూర్తిగారనే పెద్దమనిషి పెట్టింది. ఆయన ఉన్న పొలంలో సగం అమ్మి మేడ కట్టించారు. ఖద్దరు తప్ప కట్టరు. కుర్రాళ్లందరికీ ఒకే బంతి, ఒకే పైకప్పు అని ఊరూరా ఉపన్యాసాలిచ్చేవారు. పాలరాయి పలకలు పరిచిన నేల, కరెంటు దీపం, గోడ పొడుగునా పుస్తకాల బీరువా. వీధి అరుగు మీదే ఆయన ప్రకాశరావు భుజం మీద చెయ్యి వేశారు. అంత పెద్దవాడు తనని అలా ముట్టుకోవడం ప్రకాశరావుకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ చెయ్యి తీసేశాక కూడా అక్కడ వెచ్చగానే ఉంది.

"ఇక్కడ కులం అన్న మాటే వినపడదు నాయనా. నీకు ఫీజు కూడా అక్కర్లేదు. వెయ్యి, నీ చాప వెయ్యి," అన్నారు.

చాప కదలలేదు. ప్రకాశరావు పరిచాడు. చెయ్యి తీయగానే చుట్టుకుపోయింది. కృష్ణమూర్తిగారు స్వయంగా వంగి రెండు చేతులా అదిమారు. ఆయన చేతుల కిందినుంచి కూడా జారి చుట్టుకుంది. ఆయన మొహం చిన్నబోయింది. పాపం, అది నటన కాదు.

"కొత్త తుంగ. బిరుసుగా ఉంటుంది," అని, పెరట్లోంచి ఇటుకలు తెప్పించి నాలుగు మూలలా పెట్టించారు. "నాలుగు రోజులు పోతే అదే మాట వింటుంది."

దానమ్మ కొడుకుని వీధిలోకి పిలిచింది. "అది వద్దంటంది నాయనా. ఆయన మంచోడే. కానీ ఇల్లంటే ఆయనొక్కడే కాదు కదా."

"చాపకి కూడా కులం పట్టింపేనా అమ్మా? మనవాళ్ల దగ్గరైతేనే విచ్చుకుంటుందా?"

తను నేసినదే అయినా, అది ఎందుకలా చేస్తుందో దానమ్మ ఎప్పుడూ అడగలేదు. కొంగుతో కొడుకు మొహం తుడిచి, ఒక్కతే రేవుకి నడిచి వెళ్లిపోయింది.

మొదటి వారం ప్రకాశరావు బంతి మధ్యలో కూర్చుని తిన్నాడు. రెండో వారం ఎవరి తండ్రో వచ్చి వెళ్లాక, వడ్డనకి వీలుగా ఉంటుందని అతన్ని బంతి చివరికి జరిపారు. తరవాత వంటవాడు మానేస్తానన్నాడు. అందుకని, కొన్నాళ్లపాటే అని చెప్పి, అతని కంచాన్ని వెనక వరండాలోకి మార్చారు. గదిలో తోడున్న కుర్రాడు ఇతనితో ఉండనని మకాం ఎత్తేస్తే, చదువుకోవడానికి గాలీ వెలుతురూ బాగుంటాయని పెట్టె, చాప, ఇటుకలు అన్నీ కంచం వెనకాలే వరండాలోకి వచ్చాయి. బావి ముట్టనిచ్చేవారు కాదు, మంచినీళ్లు ఎవరో ఒకరు పైనుంచి దోసిట్లో పోసేవారు. ప్రతి మార్పుకీ కృష్ణమూర్తిగారే వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఎంతో నొచ్చుకుంటూ చెప్పేవారు. ఆయనకి కోపం వచ్చేలా ఒక్క మాటైనా అనడం ప్రకాశరావుకి చేతకాలేదు.

సంక్రాంతి వెళ్లాక, హాస్టలుకి గ్రాంటు ఇవ్వచ్చా లేదా అని చూడడానికి కర్నూలు నుంచి ఓ పెద్ద ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. ఆ పొద్దున కృష్ణమూర్తిగారు వరండాలోకి వచ్చి చాలాసేపు చాప కేసి చూశారు.

"అబద్ధమాడమని నేనెప్పుడూ చెప్పను నాయనా. ఆ ఇటుకలు తీసేసి, కాసేపు నువ్వే చాప మీద కూచో. చదువుకుంటున్నట్టుగా. ఈ గ్రాంటు వస్తే మీవాళ్లు ఇంకెంతమంది వచ్చి చదువుకోవచ్చో ఆలోచించు."

ప్రకాశరావు ట్రంకు పెట్టె ఓ అంచు మీదికి లాగి, రెండో అంచు మీద తను కూర్చున్నాడు. కింద చాప బిగుసుకుని లేవబోవడం అతనికి తెలుస్తూనే ఉంది. ఆఫీసరు అత్తవారిది ఆ దగ్గర్లోని కొత్తపేటే. చాపల సంగతి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇది దానమ్మ చాపే కదుటోయ్? విచ్చుకుందా మరి?"

కృష్ణమూర్తిగారు పెరటి కేసి చూస్తున్నారు.

"ఆయ్. విచ్చుకుందండి," అన్నాడు ప్రకాశరావు.

నిజం చెబితే హాస్టలు పోతుంది, హాస్టలు పోతే చదువు పోతుంది, అందుకే అన్నానని తరవాత తనకి తాను చాలాసార్లు చెప్పుకున్నాడు. అది నిజం కాదు. తనని ఇక్కడ ఎవరూ ఒప్పుకోలేదన్న మాట అంతమంది ముందు తన నోటితో అనడానికి అతనికి సిగ్గేసింది. అంతే.

గ్రాంటు వచ్చింది. దాంతోపాటు కబురు కూడా ఊళ్లమీదికి వెళ్లింది. దానమ్మ కొడుకు చాప కృష్ణమూర్తిగారి మేడలో విచ్చుకుందట. ఆ మాట చెవినిపడ్డ రోజు దానమ్మ మగ్గం వదిలేసి, పట్టపగలు మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంది. వేసవి సెలవులకి కొడుకు వచ్చినప్పుడు ఒక్కసారే అడిగింది.

"నిజంగా విచ్చుకుందా నాయనా?"

"ఆయ్," అన్నాడు. ఒకసారి అన్న మాట రెండోసారి తేలిగ్గానే వచ్చింది.

పక్కింటి మత్తయి తన కొడుకు బుల్లబ్బాయిని మిషను హాస్టల్లోనే వేద్దామనుకుంటున్నాడు. ఈ కబురు విన్నాక మనసు మార్చుకుని, దానమ్మ చేత కొడుకు పేరున చాప నేయించి, జూన్‌లో సమతా నిలయానికే తెచ్చాడు. చాప కదలలేదు. మత్తయి ప్రకాశరావు కేసి చూశాడు.

"నీకూ మొదట్లో ఇలాగే ఉండేదేట్రా అల్లుడూ?"

"కొత్త తుంగ కదా మావయ్యా," అన్నాడు ప్రకాశరావు. కృష్ణమూర్తిగారు ఇటుకలు తెప్పించారు.

బుల్లబ్బాయి ప్రకాశరావులా పొందిగ్గా ఉండే కుర్రాడు కాదు. కాస్త తలబిరుసు. ఒకరోజు జ్వరంతో ఒళ్లు కాలిపోతూ, దాహమేసి, నీళ్లు పోసేవాళ్లు ఎవరూ కనపడక, తనే వెళ్లి బావిలో చేద వేశాడు. పై తరగతి కుర్రాళ్లు గట్టు మీదే పట్టుకుని కొట్టారు. చేదతాడు పట్టుకున్న కుడిచెయ్యిని రాతికేసి నలిపారు. వేళ్లు విరిగాయి. ఇక కలం పట్టుకోవడానికి పనికిరావని డాక్టరు చెప్పాడు. కృష్ణమూర్తిగారు కళ్లనీళ్లు పెట్టుకుని ఆ రోజంతా ఉపవాసం చేశారు. కొట్టినవాళ్లు మాత్రం శుభ్రంగా భోంచేశారు.

బుల్లబ్బాయిని ఇంటికి దిగబెట్టడానికి ప్రకాశరావే వెంట వెళ్లాడు. తన చాప కూడా తీసుకెళ్లాడు, ఎందుకో అక్కడ వదలబుద్ధి కాలేదు. వాళ్లు పేటలోకి వచ్చేసరికి దానమ్మ వాకిట్లో మగ్గం ముందు ఉంది. అమ్మడానికి నేసిన చాపలు గోడ పొడుగునా చుట్టి నిలబెట్టి ఉన్నాయి. కొడుకు చెయ్యి చూసిన మత్తయి కేకలు వేయలేదు. కొడుకు చాప తెచ్చి దానమ్మ ముందు పెట్టాడు. పేటంతా మూగింది.

"దానమ్మా, తుంగ ఒక్కటే, నేసిన చెయ్యి ఒక్కటే. నీ కొడుక్కి విచ్చుకుంది, నా కొడుక్కి విచ్చుకోలేదు. ఇందులో ఏది అబద్ధమో చెప్పు. నేను గొడవకి రాలేదమ్మా. తెలుసుకుందారని వచ్చేను."

దానమ్మ తలెత్తి ప్రకాశరావు మొహం చూసింది. ఆ చూపుని అతను పట్టుమని క్షణం కూడా మోయలేకపోయాడు. తల దించుకున్నాడు. ఆవిడకి అంతకన్నా ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆవిడ ముందు రెండే దారులు. ఒకటి, ఈ కుర్రాడి వేళ్లు విరగడానికి తన కొడుకు నోరే కారణమని అందరిలో చెప్పడం. రెండోది, ఇన్నేళ్లుగా ఎవరి దగ్గరా తలొంచని తన చేతి పనిని తానే తిట్టడం.

"చాపలే అబద్ధం అన్నయ్యా," అంది దానమ్మ. "నాకు చూపు ఆనట్లేదు. నేత తప్పుతన్నాను. నా చాపలు నమ్మకండి."

ఆ మాట ఆవిడ నోట్లోంచి వచ్చీ రాగానే, గోడకి ఆనించిన చాపలన్నీ ఒకదాని వెనక ఒకటి నేలకి వాలి విచ్చుకున్నాయి. మత్తయి తెచ్చిన చాప విచ్చుకుంది. ప్రకాశరావు చంకలోది జారి, వాకిట్లో, బురదలోనే వెల్లకిలా పరుచుకుంది. ఒక్కొక్కరే ఇళ్లకి వెళ్లిపోయారు.

దానమ్మ కొడుక్కి కూడు పెట్టింది. మర్నాడు పొద్దున్నే చాప కడిగి, ఆరబెట్టి, చుట్టి చేతికిచ్చింది.

"ఎక్కడ పడుకుంటావో నువ్వే చూసుకో నాయనా. ఇక అది చెప్పదు."

ఆ తరవాత ఆవిడ చాపలు సంతలో మామూలు చాపల పక్కనే అమ్ముడుపోయాయి. అవి ఎవరికైనా, ఎక్కడైనా విచ్చుకునేవి. గొడ్లచావిట్లోనూ విచ్చుకునేవి.

ప్రకాశరావు పడవ దిగి, తిన్నగా మిషను హాస్టలుకి వెళ్లాడు. ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది, ఇక్కడే ఉండిపోదామనుకున్నాడు. పాపాయమ్మ గుర్తుపట్టింది.

"వచ్చేవా నాయనా. జరగండర్రా. వెయ్యి చాప," అంది.

చాప విచ్చుకుంది. కానీ అది పడవలోనూ విచ్చుకుంది, రేవులో సుంకం వసూలు చేసేవాడి కాళ్ల దగ్గరా విచ్చుకుంది. ప్రకాశరావు దాని మీద కూర్చోబోయి ఆగిపోయి, పాపాయమ్మ మొహంలోకి చూశాడు. ఆవిడ నవ్వుతోంది. కృష్ణమూర్తిగారు కూడా అలాగే నవ్వేవారు. బుల్లబ్బాయి సంగతి ఈవిడకి తెలుసా? తెలిసే పిలుస్తోందా, జాలిపడి పిలుస్తోందా? ఎంతసేపు చూసినా ఆ మొహంలో ఏముందో అతనికి అంతుపట్టలేదు. మనుషుల మొహాలు చదవడం అతను నేర్చుకోలేదు. ఆ పని ఎప్పుడూ తల్లి చాపే చేసిపెట్టేది.

"మళ్లీ వస్తానండి," అని చాప చుట్టుకుని బయటపడ్డాడు. మళ్లీ రాలేదు.

సమతా నిలయం వెనక వరండాలో చాప దింపగానే నున్నగా, నాలుగు మూలలా నేలకి అంటుకుని పరుచుకుంది. అటువైపు వచ్చిన కృష్ణమూర్తిగారు గుమ్మంలో ఆగిపోయారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చూశావా నాయనా? నేను మొదటే చెప్పలేదూ? కాస్త ఆలస్యమైందంతే. ఇప్పుడు ఒప్పుకుంటావా, ఇది నీ ఇల్లేనని?"

"ఆయ్," అన్నాడు ప్రకాశరావు.

ఆయన సంతోషంతో భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి ఈసారి వెచ్చగా ఉందో చల్లగా ఉందో ప్రకాశరావుకి తెలియలేదు.

"ఇక ఈ ఇటుకలతో పనేముంది? బావి గట్టు ఓ పక్క కుంగింది, తాపీవాడు వస్తున్నాడు. అక్కడ పడెయ్యి నాయనా."

ప్రకాశరావు ఇటుకలు గుండెకి ఆనించుకుని పెరట్లోకి నడిచాడు. బావి కనిపిస్తోంది. గట్టుకి కాస్త ఇవతలే, ఎవరూ చెప్పకుండానే ఆగి, ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టి, వెనక్కి వచ్చేశాడు.