చివరి అరదాకా

పంపుల విడిభాగాల దుకాణంలో కంప్యూటర్ ముందున్న కుర్చీ మరదలిది. సరుకు వెతికే ప్రోగ్రాం ఆమే రాసింది, మూడేళ్లు ఆమే నడిపింది. అక్క మొగుడు ఆ దుకాణానికి మేనేజరు. ఒక ఉదయం ఆ కుర్చీని మాటల్తోనే లాగేశాడు.

"ఈవిడ ప్రోగ్రాం సోమరిది సార్," అన్నాడు యజమానితో. "రెండొందల నలభై అరలుంటే, సరుకు కనబడగానే ఆగిపోతుంది. మిగతావి చూడనే చూడదు!"

సోమరి అన్న మాట చాలు యజమానికి. బావ కుర్చీ ఎక్కాడు, మరదలు ప్యాకింగ్ బల్ల దగ్గరికి దిగింది.

"బావా, ప్రోగ్రాంలో 'దొరికితే ఆగు' అన్న వరస తీశావంటే అది చివరి అరదాకా పోతుంది. అన్నిటికన్నా ఆఖర్న దొరికినదాన్నే చూపిస్తుంది."

"నాకే పాఠాలా? నువ్వు ముందు ముడి గట్టిగా వెయ్యి తల్లీ!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె ఆ నవ్వుల్ని ఒక్కొక్కటిగా గుర్తుపెట్టుకుంది. మంచి మాట ఒకసారి చెబితే ధర్మం, రెండోసారి చెబితే దానం. దానాలు చేసే అలవాటు ఆమెకు లేదు.

చివరి అరలో ఏముంటుందో ఆమెకు తెలుసు. వాడకందార్లు తిప్పి పంపిన పాడు సరుకును, కంపెనీకి పంపేదాకా, పాత నంబరుతోనే అక్కడ పెట్టమన్నది బావే. వరస తీసేసిన మర్నాటి నుంచీ పగిలిన సీళ్లు, అరిగిన బేరింగులు కంప్యూటర్ ఇచ్చిన చీటీ ప్రకారం బల్ల మీదికి వచ్చాయి. ఆమె ఒక్కొక్కదాన్నీ కాగితంలో చుట్టి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టెలో పెట్టి, ముడి గట్టిగా వేసింది. వాడకందార్లు నష్టపోతారని తెలియక కాదు. పగ కూడా సరుకే, ధర పలికేదాకా బయటికి తియ్యకూడదు.

తొమ్మిదో రోజు పంపుల మెకానిక్కు ఒక సీలును యజమాని బల్ల మీద విసిరికొట్టాడు.

"పగిలిందని పోయిన నెల నేను తిప్పిచ్చిందే ఇది! ఇదిగో, నేను పూసిన ఎర్రరంగు. నా చెత్త నాకే అమ్ముతారా?"

బావ ముఖం సున్నం కొట్టినట్టయింది. యజమాని మరదలి వైపు తిరిగాడు.

"తెలిసీ ఎందుకు నోరు మూసుకున్నావు?"

"బావకి చెప్పాను సార్. ముడి వెయ్యమన్నారు, వేశాను."

యజమాని పళ్లు నూరాడు. "నీ కుర్చీ నువ్వు తీసుకో. వీణ్ణి ప్యాకింగుకి పంపిస్తా."

ఆమె లోపల లెక్క వేసుకుంది. కిందికి పంపితే నాలుగు రోజులు సిగ్గు, అయిదో రోజుకి అలవాటు. పైగా అయ్యో పాపం అనేవాళ్లు పుట్టుకొస్తారు.

"వద్దు సార్, బావనక్కడే ఉండనీండి. రాసేది ఆయన, సరిచూసేది నేను. నేను సరేనన్నాకే ఏదైనా నడవాలి."

యజమానికి అది పెద్దమనసుగా కనిపించింది. మరదలు స్టూలు లాక్కొని బావ భుజం వెనక కూర్చుంది. దుకాణమంతా చూస్తోంది.

"కొట్టు బావా. దొరికితే ఆగాలి."

బావ చెమట తుడుచుకుంటూ ఒక్కో అక్షరమే కొట్టాడు. ఆ వరసలో తప్పేమీ లేదు.

"ఊహూఁ," అంది మరదలు. "చెరిపేసి మళ్లీ కొట్టు."