మిగిలిన పేజీల కథలు

గొడుగు డిటెక్టివ్ నవలలు చదవనివాళ్లు ఆ రోజుల్లో తక్కువ. ఆ నవలల చివర వచ్చే చిన్న కథలు గుర్తున్నవాళ్లు ఇప్పుడు అంతకన్నా తక్కువ. వాటిలో డిటెక్టివ్ ఏ దొంగనూ పట్టుకోడు. తెగిన చెప్పు కుట్టించుకోవడానికి వస్తాడు, గొడుగు మరిచిపోయి వెళ్లిపోతాడు. కథంతా ఆ చెప్పులు కుట్టేవాడిదో, డిటెక్టివ్ ఇంటి వంటమనిషిదో.

వాటిని రాసింది నవలల రచయిత్రి కాదు, ప్రెస్సులో అక్షరాలు పేర్చే కంపోజిటరు. పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది, ఫారానికి పదహారు పేజీలు. మొదటి నవల నాలుగు పేజీలు ముందే అయిపోయింది. ఖాళీ కాగితాలు అంటగడితే పాఠకులు దుమ్మెత్తిపోస్తారని యజమాని గోల పెట్టి, ఏదో ఒకటి పేర్చి పడేయమన్నాడు. కంపోజిటరు కాగితం మీద ఒక్క ముక్క రాసుకోకుండా, మనసులోని కథను నేరుగా సీసం అక్షరాల్లో పేర్చేశాడు. కింద పేరు పెట్టలేదు, ఎవరూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి నవలా అలాగే నాలుగు పేజీలు తక్కువ పడుతూ వచ్చింది. ఇరవై ఆరు నవలలు, ఇరవై ఆరు కథలు. ఈవిడకు ఎన్నేళ్లొచ్చినా పేజీల అంచనా రాదని ఇంట్లో విసుక్కునేవాడు, లోలోపల మురిసిపోయేవాడు. మనిషి అంటే అంతే మరి.

ఇప్పుడాయనకు ఎనభై దాటాయి. రచయిత్రి పోయి చాలాకాలమైంది. ఆవిడ కూతురు నవలలన్నీ కలిపి ఒకే సంపుటంగా వేయిస్తోందని పేపర్లో చదివిన నాటినుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు. తన కథలకు రాతప్రతి లేదు. పేర్చిన అక్షరాలు ఎప్పుడో విడదీసి అక్షరాల పెట్టె గళ్లలో పోసేశారు. అచ్చయిన పాత పుస్తకాలూ ఎక్కడో ఒకటీ అరా తప్ప మిగల్లేదు. ఈ పుస్తకంలోకి ఎక్కకపోతే అవి ఇక లేనట్టే. అడిగితే పోయేదేముంది మామయ్యా అని కోడలు ఆయన్ని బస్సెక్కించి, సంపుటం సంపాదకుడి ఆఫీసుకు తోడుగా వచ్చింది.

సంపాదకుడు మర్యాదస్థుడే. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు, ఆ తర్వాత అసలు సంగతి చల్లగా చెప్పాడు. ఆ కథల్లో డిటెక్టివ్ రెండు మూడు వాక్యాలకు మించి కనబడడు, పైగా పుస్తకం ఇప్పటికే అనుకున్న పేజీలు దాటిపోయింది, అందుకని తీసేశారు. ముసలాయన అలాగే బాబూ అంటూ లేవబోయాడు.

పక్క బల్ల దగ్గర తల్లి కాగితాలు సరిచూస్తున్న రచయిత్రి కూతురు ఆ మాటలు విని గబగబా వచ్చింది. ప్రెస్సులో కంపోజిటరు మీరేనా అని అడిగి, ఒక కట్ట విప్పి ఆయన ముందు పెట్టింది. ప్రెస్సుకు వెళ్లేది సాపు ప్రతి. ఇవి ఇంట్లోనే ఉండిపోయిన చిత్తుప్రతులు. రెండో నవల మొదలుకొని ప్రతిదాని చివరా కొన్ని పేజీలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. పక్కన ఆవిడ చేతిరాత ఉంది. ఆయన కళ్లకు ఆనకపోతే కోడలు చదివింది.

"ఇక్కడే ఆపేయాలి. నాలుగు పేజీలు ప్రెస్సులో ఆయన కథకు వదలాలి."

"పుస్తకం రాగానే అమ్మ ముందు మీ కథే చదివేదండీ," అంది కూతురు. "ఎవరు రాస్తున్నారో కనుక్కోవచ్చుగా అంటే, అడిగితే మానేస్తాడేమో అనేది."

ఆవిడకు అంచనా రాదని ఇన్నేళ్లూ విసుక్కున్నాడు. ఆవిడేమో ఇరవై అయిదుసార్లు తన రాతను తానే కోసుకుని, ముఖమైనా ఎరగని మనిషికి చోటిచ్చింది. ముసలాయన ఆ కాగితాలకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఇంత రుణం నెత్తిన ఉన్నా ఆయన మనసు మాత్రం హాయిగా ఉంది.

సంపాదకుడు గొంతు సవరించుకుని, కథలు చేరుస్తామని, కింద ఏ పేరు వేయాలో చెప్పమని అడిగాడు.

"పేరుకేం తొందర బాబూ," అన్నాడు ముసలాయన. "ముందు ఆవిడ కొట్టేసిన పేజీలు వేయండి. ఇంకా చోటుంటే అప్పుడు నావి చూద్దాం."