టెంటు ఎవరి గాయానికి

ఖోజా మాస్టారికి కాగితం కప్పులో కాఫీ ఇచ్చారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న తెల్లవాళ్ళకు మాత్రం పింగాణీ కప్పులో, కింద సాసరుతో సహా ఇచ్చారు. మా వీధి మొత్తానికి వారంపాటు నిద్ర లేకుండా చేసిన సంగతి ఇది.

మాస్టారు మా హైస్కూల్లో చిన్న హెడ్మాస్టరు. కాఫీ కొట్టు మాల్‌లో ఉంది. ఆయన ఫోన్ తీసి, రెండు కప్పులనూ పక్కపక్కన పెట్టి వీడియో తీశారు. కొట్టు యజమాని ముఖం కందగడ్డ కావడం కూడా అందులో పడింది. వీడియో దేశమంతా తిరిగింది. జొహన్నెస్‌బర్గ్ నుంచి ఒక సంస్థవాళ్ళు ఫోన్ చేసి, శనివారం మధ్యాహ్నం మా వీధి హాలు దగ్గర ‘మన గాయాలు’ అని సభ పెడతామని, టీవీవాళ్ళు కూడా వస్తారని చెప్పారు. అంతే, అప్పటిదాకా ఎవరి గాయం ఎక్కడుందో మరిచిపోయి బతుకుతున్న మావాళ్ళంతా ఒళ్ళు తడుముకోవడం మొదలుపెట్టారు.

మాస్టారికి జరిగింది తప్పు కాదని నేననడం లేదు. తప్పే. నేను సగం జీవితం ఒక దొరసాని ఇంట్లో రేకు గ్లాసులో టీ తాగినదాన్ని. ఆ గ్లాసు సింకు కింద, కుక్క గిన్నె పక్కన ఉండేది. ఆ అవమానం ఎలా ఉంటుందో నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ అదే వారం మా పక్కింటి యోహానె చచ్చిపోయాడు. దానికి వీడియో లేదు.

యోహానెది మలావీ దేశం. అతనూ భార్య తమందానీ మా వీధికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. వీధి మొగలో కూర్చుని బూట్లు కుట్టేవాడు. ఉబ్బసం మనిషి. సోమవారం నాడు ఊపిరాడక భార్య భుజం పట్టుకుని క్లినిక్‌కి వెళితే, గేటు దగ్గర మా కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ నెలంతా వాళ్ళ పని అదే. వచ్చినవాళ్ళనల్లా గుర్తింపు పుస్తకం అడగడం, ఈ దేశపు పుస్తకం లేనివాళ్ళను వెనక్కి తిప్పడం. తమందాని కాళ్ళావేళ్ళా పడింది. “మందులు మావాళ్ళకే చాలట్లేదు. మీ దేశంలో పోయి చావండి,” అన్నాడు వాళ్ళకు నాయకుడు. ఆ నాయకుడు లుంగెలో, మా చావు సంఘం అధ్యక్షురాలు మషేజి కొడుకు. ఇంకో క్లినిక్‌కి తీసుకెళుతుంటే దారిలో, టాక్సీలోనే, యోహానె ప్రాణం పోయింది.

చావు సంఘానికి మా వీధిలో ప్రతి ఇల్లూ నెలనెలా చందా వేస్తుంది. ఎవరింట్లో మనిషి పోతే ఆ వాకిట్లోకి సంఘం టెంటు, కుర్చీలు, మూడుకాళ్ళ ఇనప కుండలు వస్తాయి. శుక్రవారం ఆడవాళ్ళంతా ఎవరి కత్తి వాళ్ళు తెచ్చుకుని వచ్చి కూరగాయలు తరుగుతారు. శనివారం పొద్దున్నే మట్టి. గుంత పూడ్చడానికి మాలో కూలివాళ్ళను పెట్టరు. వీధి మగవాళ్ళే కోట్లు విప్పి, ఒకరి చేతిలోంచి ఒకరు పారలు అందుకుని పూడుస్తారు. యోహానె ఏ చావుకీ పార పట్టకుండా వెనక్కి రాలేదు. ఆ ఉబ్బసంతోనే పట్టేవాడు. మషేజి తల్లి పోయినప్పుడు సొంత మనవలు అలిసిపోయి నిలబడితే, చివరి మట్టి దాకా వేసింది అతనే. తమందాని వాళ్ళ వాకిట్లో క్యాబేజీ తరిగింది.

బుధవారం సంఘం మషేజి ముందుగదిలో కూర్చుంది.

“టెంటు శుక్రవారం నుంచీ హాలు దగ్గరే ఉండాలి,” అంది మషేజి. “టీవీవాళ్ళు ముందురోజే వైర్లు లాగుతారంట. కుండలూ అక్కడికే. అంతమంది పెద్దలు వస్తుంటే ఉత్త టీ పోసి పంపుతామా?”

“మరి తమందాని వాకిట్లోకి ఏం వస్తాయి?” అన్నాను.

“ఒక వారం ఆగమందాం. మార్చురీలో ఐసుంది, ఆయనేం పాడైపోడు.”

“సభ కోసం శవాన్ని ఆపుతావా?”

“నా ఇంటి పెళ్ళి కోసం ఆపట్లేదు మఖుబేకా. ఇది మనందరి బాధ. ఆవిడ ఒంటి రంగూ మన రంగే కదా, రేపు మంచి జరిగితే ఆవిడకీ జరిగినట్టే.”

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే ఇదే. తొమ్మిదేళ్ళు చందా కట్టింది ఆ పిల్ల, ఇప్పుడు దాతృత్వం మషేజిది.

ఖోజా మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన గొంతు సవరించుకుంటే మా వీధిలో పిల్లలు కూడా చేతులు కట్టుకుంటారు.

“ఒక విషయం తేల్చుకుందాం. యోహానెకి జరిగింది ఘోరం, నేను కాదనను. కానీ అది జాతి వివక్ష కిందికి రాదు. చేతిలో అధికారం ఉన్నవాడు లేనివాడికి చేస్తేనే వివక్ష. మన కుర్రాళ్ళకి ఏం అధికారం ఉందమ్మా? ఉద్యోగాలే లేవు.”

“గేటు వాళ్ళ చేతిలో ఉంది మాస్టారూ. ఊపిరాడని మనిషికి అంతకంటే పెద్ద సర్కారు ఏముంది?”

“అది ఆవేశం. నేను నిర్వచనం గురించి మాట్లాడుతున్నాను.”

“మరి ఆ కాఫీవాడికి ఏం అధికారం ఉంది? వాడిదీ అద్దె కొట్టేగా.”

“వాడి వెనక మూడువందల ఏళ్ళ చరిత్ర ఉంది,” అన్నారు మాస్టారు. కాగితం కప్పులో అంత చరిత్ర పట్టింది మరి.

అప్పుడు అడోనిస్ ముసలాయన లేచాడు. ఆయన కలర్డ్ మనిషి, అంటే తెలుపూ నలుపూ కలిసిన సంతతి. వెనకటి తెల్ల ప్రభుత్వం అటూ ఇటూ కానివాళ్ళకని ఒక అర కట్టి, అందులో పెట్టింది ఆయన జాతిని. “అప్పుడు మేం చాలినంత తెలుపు కాదన్నారు, ఇప్పుడు చాలినంత నలుపు కాదంటున్నారు,” అని ప్రతి మీటింగులోనూ అంటాడు. మురుగుకాలవ గురించి పెట్టిన మీటింగులో కూడా అన్నాడు.

“శనివారం మాట్లాడే వరసలో నాది ఎన్నోది?” అని అడిగాడు.

“మూడోది ఇచ్చాం కదా తాతా,” అంది మషేజి.

“మూడోదా? మా ఇంటిని బుల్డోజరు పెట్టి తొక్కించారు. మా అమ్మ కుట్టుమిషను లోపలే ఉండిపోయింది. కప్పు మొదటిదీ, ఇల్లు మూడోదీనా?”

“ఇల్లు పోయింది చాలామందికి,” అన్నారు మాస్టారు. “కప్పు ఈ వారం సంగతి. జనం చూస్తున్నది దాన్ని.”

“అయితే రెండోది ఎవరిది?”

“నాది,” అంది మషేజి. “నా రేకు గ్లాసు.”

“రేకు గ్లాసు మఖుబేకకి కూడా ఉందిగా, ఇద్దరిదీ కలిపి ఒకటి చెయ్యండి.”

“నాది వేరు. మా దొరసాని నా గ్లాసు మీద ఎర్ర రంగు పూయించింది.”

పెళ్ళి విందులో మాంసం ముక్కల దగ్గర కూడా ఇంత కొట్లాట నేను చూడలేదు. చివరికి టెంటు, కుర్చీలు, కుండలు హాలుకే అని చేతులెత్తారు. నేనొక్కదాన్నే ఎత్తలేదు. బయటికొస్తుంటే మషేజి నా మోచెయ్యి పట్టుకుని గొంతు తగ్గించింది.

“మావాడి పేరు సభలో ఎత్తకు వదినా. తెల్లవాళ్ళు టీవీలో చూస్తారు. ‘చూడండి, వీళ్ళలో వీళ్ళే’ అని నవ్వుతారు. అది నీకు ఇష్టమేనా?”

నవ్వుతారన్నది నిజమే. అయితే వాళ్ళు నవ్వకుండా ఉండడానికి ఒక మనిషి చప్పుడు లేకుండా చావాలన్నది కూడా అప్పుడే విన్నాను.

తమందాని, మొగుడు పోయినవాళ్ళు కూర్చునే పద్ధతిలో, గది ఖాళీ చేసి, నేలమీద పరుపు వేసుకుని, దుప్పటి కప్పుకుని గోడవైపు కూర్చుని ఉంది. సంగతి చెప్పాను.

“టెంటు పోతే పోనీ అక్కా, వారం ఆగను. ఎండ మమ్మల్ని ఏం చేస్తుంది,” అంది. “తరగడానికి వస్తారా?”

“వస్తారు.”

“ఆయన ఒక్కటే అడిగేవాడు. ‘మనం ఇక్కడ చస్తే దిక్కులేని శవంలా పోతామా, వీధి మనిషిలా పోతామా’ అని. తరగడానికి జనం వస్తే చాలు నాకు. ఆయనకి జవాబు చెప్పినట్టుంటుంది.”

శుక్రవారం నా కత్తి తీసుకుని వెళ్ళాను. మలావీ ఆడవాళ్ళు ఇద్దరు ఉన్నారు. ముగ్గురం ఒక బస్తా దుంపల ముందు కూర్చున్నాం. రోడ్డుకు ఆవల హాలు దగ్గర మా వీధి ఆడవాళ్ళందరూ టెంటు కింద బీట్‌రూట్ తరుగుతూ పాటలు పాడుతున్నారు. ఆ పాటలు చావింట్లో పాడేవే. పరుపు మీద కూర్చున్న మనిషికి అన్నీ వినిపిస్తున్నాయి.

నాకు ఒళ్ళు మండింది. కత్తి పక్కన పెట్టి హాలుకు వెళ్ళాను. సంస్థ తరఫున వచ్చిన అమ్మాయి పేరు రెఫిల్వే. చెవులకు పెద్ద పెద్ద పూసల దిద్దులు, మెడలో కార్డు. యోహానె సంగతి మొత్తం చెప్పాను. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్ళు సగం మూసి విన్నది.

“చాలా బాధగా ఉందమ్మా. నిజంగా,” అంది. “కానీ ఈ వేదిక దానికి కాదు. వలస వచ్చినవాళ్ళ మీద ద్వేషం గురించి మా దగ్గర వేరే విభాగం ఉంది. వాళ్ళు జూన్‌లో వస్తారు.”

“ఆయన్ని రేపు పాతిపెడుతున్నాం.”

“అర్థమైంది. కానీ రెండూ కలిపితే జనం దృష్టి చెదిరిపోతుంది. ఏ గాయానికీ న్యాయం జరగదు.” నా చేతిలో సీసా నీళ్ళు పెట్టి పంపించింది.

శనివారం పొద్దున స్మశానానికి మాత్రం వీధి వీధంతా వచ్చింది. తరగడానికి రానివాళ్ళు మట్టికి వచ్చారు. మట్టికి రాకపోతే పరువు పోతుంది, పైగా దానికి టెంటు అక్కర్లేదు. అందరూ సభ కోసం కుట్టించుకున్న బట్టల్లోనే ఉన్నారు. పాస్టరు వాక్యం చదివాడు, అందరూ పాడుతుంటే పెట్టె గుంతలోకి దిగింది. ఎప్పటిలాగే కుర్రాళ్ళు కోట్లు విప్పి ముందుకొచ్చారు. మొదటి పార లుంగెలో అందుకున్నాడు. వాడికి అందులో ఏ తప్పూ కనిపించలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి చావుకీ చేస్తున్న పని, చేతులు వాటంతటవే వెళ్ళాయి.

చాప మీద కూర్చున్న తమందాని లేచి నిలబడింది. ఆ సమయంలో విధవ లేవకూడదు. పాట ఆగింది.

“పారలు కింద పెట్టండి,” అంది.

“అమ్మా, కూర్చో. ఇది ఆచారం,” అన్నాడు పాస్టరు.

“ఆచారం నాకు తెలుసు అయ్యగారూ. మీవాళ్ళందరికీ ఆయన మట్టి వేశాడు. ఆయనకి మీరు వెయ్యొద్దు.”

గొంతు పెంచలేదు. ఏడవలేదు కూడా. వచ్చి లుంగెలో చేతిలో ఉన్న పార కర్ర పట్టుకుంది. వాడు కాసేపు వదల్లేదు, తల్లి వైపు చూశాడు, తర్వాత వదిలేశాడు. తమందాని మట్టి ఎత్తి పోసింది. మలావీ ఆడవాళ్ళు రెండు పారలు తీసుకున్నారు. నేను ఒకటి తీసుకున్నాను. నా నడుము సంగతి నాకు తెలుసు, అయినా తీసుకున్నాను. కాసేపటికి అడోనిస్ కోటు విప్పి తమందాని ఎదుటికొచ్చి, “నేను వెయ్యొచ్చా తల్లీ?” అని అడిగాడు. ఆమె తలూపింది. కప్పు ముందా ఇల్లు ముందా అని అంత రాద్ధాంతం చేసిన నోరు, గుంత నిండేదాకా ఇంక మాట్లాడలేదు. వీధి మగవాళ్ళు చేతులు వేలాడేసుకుని నిలబడ్డారు. మా స్మశానంలో అంతమంది మగవాళ్ళు ఉత్త చేతులతో నిలబడడం నేనెప్పుడూ చూడలేదు.

తమందాని ఇంట్లో చేతులు కడుక్కుని, మేం వండిన నాలుగు మెతుకులు తిని, ఆ మట్టి బట్టలతోనే సభకు వెళ్ళాను. యోహానె పేరు ఒక్కసారైనా ఆ మైకులో పలకాలని నా పంతం. ఎవరు నవ్వుకున్నా సరే అనుకున్నాను.

అప్పటికి మాస్టారి కప్పు కథ అయిపోయింది. మైకు మషేజి చేతిలో ఉంది. రేకు గ్లాసు గురించి చెబుతుందనుకున్నాను. అది నిజమైన బాధ, అదే చెప్పి ఉంటే నేనూ ఏడ్చేదాన్ని.

“పాత గాయాలు చాలా ఉన్నాయి,” అంది మషేజి. “కానీ ఈ పొద్దున తగిలింది ఇంకా పచ్చిగా ఉంది. మా నేల మీద, మా తాతలు పడుకున్న స్మశానంలో, నా బిడ్డ చేతిలోంచి పార లాక్కున్నారు. ‘నువ్వు ముట్టుకోవద్దు’ అన్నారు. ఆ మాట ఇదివరకు మాకు ఎవరు చెప్పేవాళ్ళో మీకు తెలుసు. ఇది వివక్ష కాకపోతే మరేది వివక్ష?”

కొడుకును పక్కకు పిలిచి, వాడి భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు, అదే దరిద్రం. నిజంగానే ఏడ్చింది. టెంటు కింద ముక్కులు చీదుకోవడం వినిపించింది. ఖోజా మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిర్వచనం అడగలేదు.

నేను చెయ్యెత్తాను. దించలేదు. చివరికి రెఫిల్వే నా దగ్గరికొచ్చి, నా ఎత్తిన చేతిని రెండు చేతులతో మెత్తగా పట్టుకుని కిందికి దించింది.

“ఇంత బాధ విన్నాక ఇంకో మాట వినే స్థితిలో ఎవరూ లేరమ్మా,” అంది.

ఆ సాయంత్రం వార్తల్లో మా టెంటు వచ్చింది. కాగితం కప్పు రెండు క్షణాలు కనబడి పోయింది. ఆ తర్వాత లుంగెలో ముఖం, తెర నిండా, తల వంచుకుని. పేరు రాసి, దాని కింద ‘బాధితుడు’ అని వేశారు.