గంగులు కొన్న సౌండు

ఆ వాడలో ఎవరు ఏ వస్తువు కొన్నా, దానికి దిష్టి నిమ్మకాయ కట్టకముందే పదిమంది వచ్చి వంక పెట్టిపోవాలి. ఈశ్వర్ పాత కారు కొంటే ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా తుప్పు పట్టిపోతుందన్నారు. ఉష ఇంట్లో వాషింగ్ మెషీన్ దించితే, లుంగీలకి పట్టిన చేపల వాసన వదిలించడం దాని తరమా అని నవ్వారు. అప్పుడు అందరికంటే గట్టిగా నవ్విన మనిషి గంగులు. ఇప్పుడు అతని వంతు వచ్చింది.

కోటబొమ్మాళి నుంచి ఆటోలో పెద్ద టీవీ, దానికి తోడు హోమ్ థియేటర్ దింపించాడు గంగులు. మంచాన్ని అరుగు మీదికి తరిమేసి, గోడంతా టీవీకి ఇచ్చేశాడు. అతనికి కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు 'బాగుందిరా' అనాలి. ఆ ఒక్క మాట కోసం ప్రాణం కొట్టుకుంటోంది. వాడంతా వచ్చింది, చూసింది, టీ తాగింది. ఆ మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు.

"బొమ్మ ఎలిసిపోయినట్టున్నాదేటి బావా, రంగుల్లేవు" అన్నాడు ఈశ్వర్. గంగులు రంగులు పెంచాడు.

"మనుసులంతా పసుపు రాసుకున్నట్టున్నారు" అంది ఉష. తగ్గించాడు.

అక్కణ్ణించి అతనికి కుదురు లేదు. అన్నం తింటూ మధ్యలో లేచి వెళ్ళి ఏదో ఒకటి మార్చేవాడు. చిరిగిన వల ముందేసుకుని కూర్చున్నా చేతిలో రిమోటే ఉండేది. "సూడ్డానికి కొన్నావా, నొక్కడానికి కొన్నావా?" అని పెళ్ళాం గౌరి అడిగితే కసురుకున్నాడు.

ఆదివారం శ్రీకాకుళం నుంచి గౌరి అన్న శివాజీ వచ్చాడు. అతనికి అక్కడ టీవీల షాపులో పని. ఇక బావ మాటే తీర్పు అనుకున్నాడు గంగులు. ఆడాళ్ళంతా సంతకి పోయారు. మధ్యాహ్నం క్రికెట్ మ్యాచ్ ఉందని వాడలో మగాళ్ళందరినీ పిలిచాడు. చాపల మీద మోకాలికి మోకాలు తగిలేలా ఇరుక్కున్నారు. శివాజీ గది నాలుగు మూలలా తిరిగి పెదవి విరిచాడు.

"సెట్టు సంగతి తరవాత. తలుపులు బార్లా తీసుకుని కూకుంటే ఏటి లాభం? సౌండంతా ఊరికి పోతన్నాది. మూసీండి. ఎల్తురు కూడా పడకూడదు."

తలుపులు మూశారు. కిటికీలకి దుప్పట్లు కట్టారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ వాడ బతికేది అలివి వల మీద. పడవ సముద్రంలోకి వెళ్ళి వలని అర్ధచంద్రంలా వేసి వస్తే, రెండు కొసల తాళ్ళనీ ఒడ్డున అందరూ కలిసి లాగాలి. మనుషులు తగ్గితే వల రాదు. చేపల గుంపు ఒడ్డుకి దగ్గరైందో లేదో ఇసుక మెట్ట మీద కూర్చుని నూకయ్య కనిపెడతాడు. నీళ్ళ రంగు మారగానే కేక వేస్తాడు. ఆ కేక వినపడితే ఎంగిలి చేత్తోనైనా పరిగెత్తాల్సిందే. చూపు చెదురుతుందని మెట్ట మీదికి ఫోను తీసుకెళ్ళడు. ఒక్కసారి కన్ను తిప్పితే గుంపు ఎటు పోయిందో తెలియదు కనుక, దాన్ని వదిలి కిందికి దిగి రాడు. నెల రోజులుగా వలకి సరైన చేప పడక, అందరి ప్రాణాలూ ఆ మెట్ట మీదే ఉన్నాయి, ఆ ఆదివారం తప్ప.

"ఇప్పుడు పెంచు" అన్నాడు శివాజీ.

గంగులు పెంచాడు.

"బేసు సాల్దు."

ఇంకా పెంచాడు. గోడ మీద అమ్మవారి పటం అదిరింది. స్టేడియంలో జనమంతా వచ్చి గదిలో పడినట్టుంది. గంగులు మ్యాచ్ చూడటం లేదు, బావ మొహం చూస్తున్నాడు. శివాజీ కళ్ళు మూసుకుని మెల్లగా తల ఊపాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు.

తలుపు మీద దబదబా దెబ్బలు పడ్డాయి.

గంగులు విసుక్కుంటూ తీశాడు. ఎదురుగా గౌరి. సంతనుంచి తెచ్చిన ఖాళీ గంప దారిలోనే పారేసి పరిగెత్తుకొచ్చింది.

"సెవుడొచ్చిందేటి మీకు? నూకయ్య మావ ఎప్పట్నుంచి అరుస్తన్నాడో! కవ్వ సేపలు! ఒడ్డంతా కవ్వలే!"

అందరూ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తారు. పడవ తోశారు, వల వేశారు, పళ్ళ బిగువున లాగారు. వచ్చింది నాచు, నాలుగు పీతలు. గుంపు అప్పటికే దక్షిణానికి మళ్ళిపోయింది.

ఎవరూ గంగులుని ఒక్క మాట అనలేదు. వాళ్ళూ ఆ గదిలో కూర్చున్నవాళ్ళే కదా. తలలు వంచుకుని ఎవరి ఇళ్ళకి వాళ్ళు పోయారు. శివాజీ కూడా బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. ఒక్కరైనా తన చొక్కా పట్టుకుని తిడితే బాగుండుననిపించింది గంగులుకి.

దీపాలు పెట్టే వేళకి నూకయ్య వచ్చాడు. అన్ని రోజులూ టీవీ చూడ్డానికి రాని మనిషి వాడలో అతనొక్కడే. గంగులు సిగ్గుతో చచ్చిపోతూ లేచి నిలబడ్డాడు. గౌరి వేణ్ణీళ్ళు తెచ్చి ఇస్తే నూకయ్య గుక్క మింగలేక మొహం చిట్లించాడు. గొంతు పూర్తిగా పోయింది.

"తిట్టు మావా" అన్నాడు గంగులు.

నూకయ్య తిట్టలేదు. ఆపేసి ఉన్న టీవీని చూశాడు. మూలనున్న పెద్ద స్పీకరు దగ్గరికి వెళ్ళి దాని మీద చెయ్యి వేశాడు.

"బాగున్నాదిరా గంగులూ" అన్నాడు. మాట కంటే గాలే ఎక్కువ వచ్చింది. "సౌండు శానా బాగున్నాది. మెట్ట మీదికి కూడా ఇనబడింది. నా కేకే నాకు ఇనబళ్ళేదు."