గంప కమ్ము

ఎండాకాలం చిత్తిరై నెల తిరునాళ్లతో కబడ్డీ పోటీలు అయిపోతాయి. ఆ తర్వాత వానలు, విత్తనాలు, కూలి పనులు. మళ్లీ తై నెల సంక్రాంతి దాకా ఆటగాళ్ల కాళ్లకు పని ఉండదు. ఆట చూసేవాళ్ల నోళ్లకు మాత్రం అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఏ. పళ్లిపట్టి కూడలిలో కుప్పుసామి టీ అంగడి ఉండేది. ఎనభై ఆరులో ఆ అంగడి బెంచీ మీద ఈ పని మరీ జోరుగా సాగింది. కారణం వీరన్. పళ్లిపట్టి జట్టు తరఫున కూతకు పోయేవాడు వీరనే. గీత దాటి, ఒక్క ఊపిరి మీద ‘కబడ్డీ కబడ్డీ’ అంటూ పోయి అవతలి వాళ్లను తాకి వచ్చాడంటే పాము జారినట్టే ఉండేది. అటువంటి వీరన్ జట్టు విడిచి పోతాడని పుకారు.

"సేలం బస్సు డ్రైవరే చెప్పినాడప్పా నాకు," అన్నాడు సుబ్బరాయన్. వాడిది కూడలిలోనే క్షవరం అంగడి. కత్తి కంటే నోరే పదును. "నూలు మిల్లు జట్టోళ్లు వీరన్ని అడిగినారంట. మిల్లులో వేల, ఉండేదానికి రూము, పొద్దునైతే పాలు, గుడ్డు." వేల అంటే ఆ పక్క ఉద్యోగం.

"గుడ్డుకు పోయేవాడా మావాడు?" అన్నాడు తిమ్మరాయన్, గ్లాసు కింద పెట్టి.

తిమ్మరాయన్ ఆ జట్టుకు కెప్టెను. వేరుశెనక్కాయల మండీలో మూటలు మోస్తాడు. వీరన్ అక్క పొన్నుత్తాయిని చేసుకున్నాడు కాబట్టి వీరన్‌కు బావ. బామ్మర్దికి కూత నేర్పింది, పడితే మోకాలికి పసుపు రాసింది, గెలిస్తే భుజాల మీద ఎక్కించుకుని ఊరు తిప్పింది అన్నీ తిమ్మరాయనే.

"గుడ్డుకు కాదప్పా, వేలకు పోతాడు. ఎవురైనా పోతారు. నువ్వైతే పోవా?"

"నేను పోను. వాడూ పోడు."

"పోతే?"

"నువ్వే చెప్పు, ఏమి కావాల?"

సుబ్బరాయన్ ముందుకు వంగి తిమ్మరాయన్ మీసాన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్క దాకా చూశాడు. "దాని మీద నాకు శానా నాళ్లుగా కన్నుండాది."

బెంచీ అంతా ఘొల్లుమంది. కుప్పుసామి టీ వడగట్టడం ఆపేసి నవ్వాడు. తిమ్మరాయన్ కూడా నవ్వుతూనే, "సరి, ఇస్తాను పో," అన్నాడు. అంత నమ్మకం.

పది మందికీ తెలియని సంగతి ఒకటి తిమ్మరాయన్‌కు తెలుసు. అది పళ్లిపట్టి జట్టు బలం ఎక్కడుందనేది. చుట్టుపక్కల ఇంతకంటే ఒడ్డూ పొడుగూ ఉన్న జట్లు చాలా ఉన్నాయి. కానీ చుట్టూ అరవమే అయినా పళ్లిపట్టి ఇండ్లలో మాట తెలుగే, పిల్లకాయలు ఆటలోనూ తెలుగులోనే అరుచుకుంటారు. సేలం, ఈరోడు పోతే ఆ అరుపు ఎవరికీ అర్థం కాదు. కూతకు వచ్చినవాణ్ని అన్ని పక్కల నుంచీ మూయాలంటే ‘గంప కమ్ము’. చేతులు పట్టుకున్న జంట మూల నుంచి చుట్టుకుని రావాలంటే ‘చాప చుట్టు’. వచ్చినవాడి ఊపిరి అయిపోవస్తుందంటే ‘పాలు పొంగె’. ఒకసారి ఈరోడులో అవతలి జట్టు ఫిర్యాదు చేస్తే, ఏ భాషలో అరవాలో రూలు పుస్తకంలో లేదని రిఫరీ తోసేశాడు.

ఆ మాటలన్నీ వీరన్ తల్లి మాదమ్మవి. బతికున్న రోజుల్లో ఆమె వాకిట్లోనే వీళ్లు ఆట నేర్చుకున్నారు. ఆమె కోళ్ల మీద గంప కమ్మమనీ, చాప చుట్టమనీ, పొయ్యి మీద పాలు చూడమనీ కేకలు వేస్తుంటే, ఆ కేకలే ఆటలోకి వచ్చేశాయి.

జూలైలో, ఆడి నెల మొదట్లో వీరన్ పోనే పోయాడు. తెల్లవారుజామున బస్సెక్కాడు. బావకు చెప్పలేదు, అక్కకూ చెప్పలేదు. తల్లి పోయినప్పటి నుంచి వాడు ఉండే తమ ఇంటి కొట్టంలో వాడి పెట్టె లేకపోవడం చూసి పొన్నుత్తాయి అరుగు మీద కూలబడింది.

"నాకన్నా చెప్పి పోకూడదా?" అని ఒకటే ఏడుపు.

తిమ్మరాయన్ మండీకి పోకుండా సుబ్బరాయన్ అంగడికి పోయి కుర్చీలో కూర్చున్నాడు. సుబ్బరాయన్ కత్తి పక్కన పెట్టేశాడు.

"సుమ్మనే, నవ్వుకు అన్నాను తిమ్మన్నా. లేచి పో."

"మాటంటే మాటే. తియ్యి."

తీశాడు. ఆ బోడి పెదవితోనే తిమ్మరాయన్ టీ అంగడికి వచ్చి కూర్చున్నాడు. బెంచీ మీద అందరూ వీరన్ని తిట్టిపోస్తున్నారు. తిన్న ఇంటికి ద్రోహం చేశాడన్నారు, కాళ్లు విరగాలన్నారు. తిమ్మరాయన్ చెయ్యెత్తి ఆపాడు.

"యాల తిడతారు? నాలుగు దినాలు కూలి లేకుంటే పస్తుండే ఇల్లు మాది. పిల్లోడికి మిల్లులో వేల దొరికె. చెప్పి పోయుంటే బాగుండు, చెప్పలేకపోయినాడు. నా మొగం చూస్తే కాళ్లు రావని తెలుసు వాడికి."

అప్పటికి ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆట మళ్లీ కూర్చుకోవచ్చు, కూతకు ఇంకొకణ్ని తయారు చేసుకోవచ్చు. పట్టే ఒడుపు మన చేతిలో ఉన్నంత కాలం జట్టు చావదని పిల్లకాయలకు ధైర్యం చెప్పాడు.

వినాయక చవితి అయిన వారానికి పొన్నుత్తాయి రాగి పిండి, వేరుశెనగ ఉండలు మూట కట్టింది. "మిల్లు అన్నం వాడికి ఒంటదు. ఇచ్చేసి రాయ్యా," అంది. తిమ్మరాయన్ సేలం బస్సెక్కాడు.

మిల్లు వెనక మైదానంలో జట్టు సాధన చేస్తోంది. ఎర్రమట్టి చదును చేసి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీశారు. తిమ్మరాయన్‌కు ముచ్చటేసింది. మనకు ఇలాంటి నేల ఉంటేనా అనుకున్నాడు. బామ్మర్ది ఎక్కడున్నాడా అని కూత పెట్టేవాడి వైపు చూశాడు. కూతకు పోతున్నది ఇంకెవడో. వీరన్ మెడలో ఈల వేసుకుని గీత బయట నిలబడ్డాడు.

కూతగాడు మూలకు పోయాడు. పట్టేవాళ్లలో ఒకడు గొంతు చించుకున్నాడు.

"గంప కమ్ము!"

ఏడుగురూ ఒక్కసారిగా మూశారు. కూతగాడు కింద పడ్డాడు.

తిమ్మరాయన్ మూట పట్టుకుని గీత దగ్గరికి పోయాడు. ఎవడో మన ఊరివాడు ఉన్నాడేమో అని మొహాలు వెతికాడు. ఒక్కడూ లేడు. అందరూ అరవ పిల్లకాయలే. మళ్లీ ఆట మొదలైంది. ‘చాప చుట్టు’ అన్నారు, చుట్టారు. ‘పాలు పొంగె’ అనడంలో ఒకడు తడబడితే వీరన్ ఈల ఊది, ఆట ఆపి, వాడి దగ్గరికి పోయి నోరు తెరిచి చూపించాడు. ఇలా అనాలి, ఇంత వేగంగా అనాలి. వాడు మళ్లీ అన్నాడు. వీరన్ వీపు తట్టాడు.

తట్టి ఇటు తిరిగేసరికి బావ కనబడ్డాడు.

"బావా! ఎప్పుడొచ్చినావు? మీసమేది?"

"పోయె. ఏందిరా ఇది?"

"ఏంది బావా?"

"గంప కమ్ము అంటుండారు వాళ్లు."

వీరన్ నేల చూశాడు. తర్వాత, ఏమీ లేనట్టు, "బాగా పట్టుకున్నారు గదా? మనోళ్లకు ఏడాది పట్టె," అన్నాడు.

"వేలకు పోయినావు, సరి. నేనేమన్నా అన్నానా? మీసం తీయించుకొని గూడా నీ పక్కే మాట్లాడినాను. మాటలు యాల ఇచ్చినావురా వాళ్లకు?"

"జట్టు మాస్టరు అడిగినాడు బావా. వచ్చిన దినమే అడిగినాడు, మీరు పట్టేటప్పుడు ఏమి అరుస్తారని. చెప్పకుంటే ఎట్ల? అన్నం పెడతా ఉండారు."

"నువ్వు కూతకు పోవడం లేదా?"

"సీజన్లో పంపిస్తాము అన్నారు. ఇప్పుడు ఇది నేర్పించు అన్నారు." వీరన్ మెడలో ఈలను వేళ్లతో తిప్పాడు. "నేనేమన్నా మేకను తోలుకొచ్చినానా, బిందె ఎత్తుకొచ్చినానా? మాటలే గదా బావా."

"మా మాటలురా అవి. జట్టుకు ఇంకేముండాది?"

వీరన్‌కు అప్పుడు కోపం వచ్చింది. కళ్లలో నీళ్లతో వచ్చిన కోపం. "నీ మాటలు గాదు. మా అమ్మవి. మా అమ్మ మాటలు నేను ఎవురికైనా చెప్పుకుంటాను."

తిమ్మరాయన్ వంగి మూట గీత పక్కన పెట్టాడు. "మీ అక్క పంపించింది," అని చెప్పి వెనక్కి తిరిగాడు. బస్టాండు దాకా నడిచినంత సేపూ వెనక నుంచి ‘పాలు పొంగె’ వినబడుతూనే ఉన్నట్టనిపించింది.

ఊళ్లో బస్సు దిగేసరికి బెంచీ అంతా ఆయన కోసమే కాచుకుని ఉంది. జరిగింది చెప్పాడు. ఈసారి ఎవరూ తిట్టలేదు. కుప్పుసామి అడగకుండానే టీ తెచ్చి చేతిలో పెట్టాడు.

"వేరే మాటలు పెట్టుకుందాము," అన్నాడు కుప్పుసామే. "దానికేమి, మాటలకు కరువా?"

"పెట్టండి చూద్దాము," అన్నాడు సుబ్బరాయన్. "రోలు తిప్పు?"

"వీరన్ వాళ్లింట్లో రోలు లేదా?" అన్నాడు తిమ్మరాయన్.

"దొడ్డి తడిక వెయ్యి?"

"తెలుసు."

"దూడను విడు?"

"మా ఇంట్లో దూడను విడిచేది వాడేరా," అని తిమ్మరాయన్ గ్లాసు పక్కన పెట్టేశాడు. "వాడికి తెలియని మాట మన ఇండ్లలో యాడుందిరా?"

"అయితే అరవంలో అరవండి," అని ఎవడో అన్నాడు. నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోయింది. సుబ్బరాయన్ కూడా ఎగతాళి చేయలేదు. తిమ్మరాయన్ పెదవి వైపు చూసి తల దించుకున్నాడు.

చివరికి తిమ్మరాయనే తేల్చాడు. ఈ ఏడాది నోరు లేకుండా ఆడాలి. జంటలు చేతులు పట్టుకునే ఉంటాయి కాబట్టి వేలు నొక్కితే ఒకటి, అరచెయ్యి నొక్కితే ఇంకొకటి. మరుసటి సాయంత్రమే మొదలుపెట్టారు. పిల్లకాయలు పళ్లు బిగబట్టి ఆడారు. అలవాటు కొద్దీ ఎవడి నోట్లోనో ‘గం’ అని వస్తే వెంటనే నోరు మూసుకుని కెప్టెన్ వైపు భయంగా చూశాడు. ఎప్పుడూ సంతలా ఉండే మైదానంలో కూత ఒక్కటే వినబడింది.

చీకటి పడబోతుండగా తిమ్మరాయన్ ఇల్లు చేరాడు. వత్తల్‌మలై కొండ పక్క నుంచి మబ్బు కమ్ముకొస్తోంది. వాకిట్లో కోళ్లు బెదిరి అటూ ఇటూ పరుగెడుతున్నాయి. లోపల పొయ్యి ముందు నుంచి పొన్నుత్తాయి కేక వేసింది.

"ఏమయ్యా, వాన వస్తా ఉండాది. గంప కమ్ము!"

అచ్చం మాదమ్మ గొంతే. తిమ్మరాయన్ కదల్లేదు.

మొదటి చినుకులు పడ్డాయి. పొన్నుత్తాయి గరిటె పట్టుకుని గడపలోకి వచ్చింది. తమ్ముడి సంగతి ఆమె చెవినా పడింది. పొద్దుటి నుంచి మొగుడి మొహం చూడలేకుండా ఉంది.

"అట్ల నిలబడినావే? వినబడలేదా?"

"వినబడింది. దానికి ఇంకో మాట చెప్పు."

"కోళ్లను కమ్మేదానికి ఇంకో మాటేందయ్యా?" అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తిమ్మరాయన్ వానలో వంగి, కోళ్లను ఒక్కొక్కటే పట్టి ఒకచోట చేర్చాడు. గంప తెచ్చి కమ్మి, మీద రాయి పెట్టాడు. పని అయిపోయాక కూడా చెయ్యి గంప మీద నుంచి తీయలేదు.